అమ్మకు క్లాసుంది... పాపనెవరు చూస్తారు?

2018 సెప్టెంబరు చివరి ఆదివారం. మహబూబ్‌నగర్‌లోని బాలుర జూనియర్ కాలేజీలో కానిస్టేబుల్ ఉద్యోగాల రాతపరీక్ష జరుగుతోంది. బందోబస్తు డ్యూటీలో ఉన్న ఓ హెడ్ కానిస్టేబుల్ చేతుల్లో నాలుగు నెలల పసిబిడ్డ ఉంది. బిడ్డ తల్లి లోపల పరీక్ష రాస్తోంది. చూసుకోవడానికని ఆమె వెంట తెచ్చుకున్న చుట్టాలమ్మాయి కూడా చిన్నపిల్లే. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఊరుకోబెట్టడం ఆ అమ్మాయి వల్ల కాలేదు. దాంతో హెడ్ కానిస్టేబులే ఎత్తుకుని ఆడించాడు. ఐపీఎస్ అధికారి రెమా రాజేశ్వరి ఆ ఫొటోను ట్విటర్‌లో పెట్టగానే అది దేశమంతా తిరిగింది. చూసినవాళ్లంతా ఆయన్ని మెచ్చుకున్నారు.

మెచ్చుకోవలసిన పనే. కాకపోతే ఆ పరీక్ష కొన్ని గంటల్లో అయిపోయింది. డిగ్రీ మూడేళ్లు, బీఈడీ రెండేళ్లు, పీహెచ్‌డీ అయితే ఐదారేళ్లు పడుతుంది. అన్నాళ్లూ క్లాసు గుమ్మం ముందు మంచి మనసున్న కానిస్టేబుల్ ఎవరికి దొరుకుతాడు?

విద్యార్థి అనగానే మన కళ్ల ముందు మెదిలేది బ్యాగు తగిలించుకుని బస్సెక్కే పద్దెనిమిదేళ్ల కుర్రాడో, అమ్మాయో. ఇంటి బాధ్యతలేవీ లేని మనిషన్నమాట. కాలేజీల టైమ్‌టేబుళ్లు, హాజరు నిబంధనలు, హాస్టల్ కట్టుబాట్లు అన్నీ ఆ ఊహ మీదే తయారయ్యాయి. మామూలు లేడీస్ హాస్టల్లో పాలు తాగే బిడ్డకు చోటుండదు. సాయంత్రం నాలుగున్నరకు ల్యాబ్ పెట్టే మాస్టారు, ఆ వేళకు ఎవరి బిడ్డ ఎక్కడుంటుందో ఆలోచించరు. ఆలోచించాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు కూడా.

మన ఊళ్ల సంగతి ఆ ఊహకు సరిపోదు. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో అప్పటికే తల్లులైనవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు కలిపి ఏపీలో 12.6 శాతం, తెలంగాణలో 5.8 శాతం. సరిగ్గా ఇంటర్, డిగ్రీ చదవాల్సిన వయసది. పెళ్లితో ఆగిన చదువును మళ్లీ అందుకోవాలంటే, అప్పటికి చంకలో ఒక బిడ్డ ఉంటుంది.

బీఈడీ కాలేజీకి వెళ్లి చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. మెడలో తాళి, ఇంట్లో చంటిబిడ్డ, కళ్ల ముందు డీఎస్సీ. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం బీఈడీలో కోర్సుకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. బిడ్డకు జ్వరమొస్తే ఆ శాతం కరగడం మొదలవుతుంది. అందుకే ప్రసవం ముంచుకొస్తే చాలామంది చదువునే వదిలేస్తారు. వదలని వాళ్ల వెనక ఎవరో ఒకరుంటారు. ఎక్కువగా అమ్మమ్మే. పుట్టింట్లో బిడ్డను దించి, వారానికోసారి వెళ్లి చూసి వచ్చే తల్లులు మన బంధువుల్లోనే కనిపిస్తారు. తెలుగునాట విద్యార్థి తల్లికి అందుతున్న అతిపెద్ద స్కాలర్‌షిప్ అమ్మమ్మే అనుకోవచ్చు. దరఖాస్తు అక్కర్లేదు, రెన్యువల్ కూడా అక్కర్లేదు. అమ్మమ్మ లేనివాళ్లకు, ఉన్నా ఆమె కూలికి వెళ్తేగాని గడవని ఇళ్లకు మాత్రం ఆ స్కాలర్‌షిప్ లేదు.

ఇదే చిక్కును అమెరికా సర్కారు డబ్బుతో విప్పాలని చూసింది. ఎంతవరకు విప్పిందన్నది తర్వాతి మాట.

అక్కడ పిల్లల్ని పెంచుతూ డిగ్రీ చదివేవాళ్లు కొద్దిమందేం కాదు. అమెరికన్ కాంగ్రెస్ తరఫున ప్రభుత్వ పథకాలను తనిఖీ చేసే జీఏఓ అనే సంస్థ 2019లో ఒక నివేదిక ఇచ్చింది. 2015-16లో అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థుల్లో ఐదుగురికి ఒకరికంటే ఎక్కువమంది, అంటే సుమారు 43 లక్షల మంది, తల్లులో తండ్రులో అని అందులో తేలింది. వీళ్లలో సగానికి పైగా ఒంటరిగా బిడ్డను పెంచుతున్నవాళ్లు. 44 శాతం మంది చదువుతోపాటు ఫుల్‌టైమ్ ఉద్యోగమూ చేస్తున్నారు. ఇక డే కేర్ ఖర్చంటారా, 2023 నాటికి దేశం మొత్తం మీద సగటున ఒక బిడ్డకు ఏడాదికి 11,500 డాలర్లు దాటింది. పేద విద్యార్థుల ఫీజు కోసం కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు 2024-25లో గరిష్ఠంగా 7,395 డాలర్లు. చదువుకు వచ్చే సాయం మొత్తం పోసినా బిడ్డను చూసేవాళ్ల జీతానికి చాలదన్నమాట.

ఈ లోటు పూడ్చడానికి 1998లో ఉన్నత విద్యాచట్టాన్ని సవరించి ఒక పథకం తెచ్చారు. పేరు చాంతాడంత ఉంటుంది కాబట్టి అందరూ సీక్యాంపిస్ అని పొట్టిగా పిలుచుకుంటారు. డబ్బు విద్యార్థి చేతికి రాదు, కాలేజీకి వస్తుంది. ఆ కాలేజీ విద్యార్థులకు ఏడాదిలో అందిన పెల్ గ్రాంట్ల మొత్తంలో ఒక శాతానికి మించకుండా, నాలుగేళ్లపాటు ఇస్తారు. దాంతో కాలేజీ క్యాంపస్‌లో క్రెష్ నడపొచ్చు, బయటి డే కేర్‌తో ఒప్పందం పెట్టుకోవచ్చు, స్కూలుకెళ్లే పిల్లల్ని ఉదయం, సాయంత్రం చూసే ఏర్పాటు చేయొచ్చు. తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గుతుంది. చాలా క్యాంపస్ క్రెష్‌లు శిశువిద్య చదివే విద్యార్థులకు ల్యాబులుగా కూడా పనికొస్తాయి. ఒక విద్యార్థిని బిడ్డ అక్కడ పెరుగుతుంటే, ఇంకో విద్యార్థిని ఆ బిడ్డను చూసి పాఠం నేర్చుకుంటుంది.

ఈ పథకంలో తెలుగు పాఠకుడు ఆగి చూడాల్సిన సంగతొకటుంది. తక్కువ ఆదాయం గల విద్యార్థి అంటే ఎవరో చట్టంలో రాసిపెట్టారు. పెల్ గ్రాంటుకు అర్హులైనవాళ్లతోపాటు, మిగతా అర్హతలన్నీ ఉండి పీజీ చదువుతున్నందువల్లో, తాత్కాలిక పనిమీద అమెరికాలో ఉంటున్నందువల్లో ఆ గ్రాంటు దక్కనివాళ్లు కూడా ఆ లెక్కలోకి వస్తారు. అంటే స్టూడెంట్ వీసా మీద ఎమ్మెస్ చదివే గుంటూరు అమ్మాయికీ ఆ నిర్వచనంలో చోటుంది. ఆమె చదివే కాలేజీకి గ్రాంటు వచ్చి ఉండాలి, క్రెష్‌లో సీటు దొరకాలి, అది వేరే విషయం.

సీటు దొరకడమే కష్టం. 2016-17లో ఈ పథకం కింద సాయం పొందిన విద్యార్థులు సుమారు 3,300 మంది అయితే, నాలుగు వేలకు పైగా పిల్లలు వెయిటింగ్ లిస్టులో ఉన్నారని జీఏఓ రాసింది. 43 లక్షలు ఎక్కడ, 3,300 ఎక్కడ? 2018లో పథకానికి కేటాయింపును ఒక్కసారిగా 1.5 కోట్ల డాలర్ల నుంచి 5 కోట్లకు, 2023లో 7.5 కోట్లకు పెంచారు. తీరా 2026 బడ్జెట్ ప్రతిపాదనల్లో ట్రంప్ ప్రభుత్వం ఈ పథకాన్ని పూర్తిగా ఎత్తేయాలంది.

జీఏఓ నివేదికలో ఇంకో తమాషా ఉంది. విద్యార్థికి చదువుకయ్యే ఖర్చు లెక్కగట్టేటప్పుడు బిడ్డ సంరక్షణ ఖర్చునూ కలపమని అడిగే వీలు చట్టంలోనే ఉంది. కలిపితే ఎక్కువ అప్పు, కొన్నిసార్లు ఎక్కువ సాయం దొరుకుతుంది. అయితే ఆ వీలుందని తెలిస్తేనే కదా అడిగేది! జీఏఓ వాళ్లు కొన్ని కాలేజీల వెబ్‌సైట్లు తిరగేస్తే, ఎక్కువ వాటిలో ఆ ముక్కే లేదు. హక్కును కాయితం మీద రాసి, ఆ కాయితాన్ని అటక మీద పెట్టే అలవాటు మన ఆఫీసులకే సొంతం కాదన్నమాట.

పరిశోధక విద్యార్థులది ఇంకో దారి. 2022 నవంబరులో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో 48 వేల మంది టీచింగ్ అసిస్టెంట్లు, రీసెర్చర్లు సమ్మెకు దిగారు. వాళ్ల డిమాండ్లలో జీతంతోపాటు పిల్లల సంరక్షణ ఖర్చూ ఉంది. క్లాసు చెప్పి, పేపర్లు దిద్ది జీతం తీసుకుంటారు కాబట్టి వాళ్లు కార్మికులుగా అడగగలిగారు. విద్యార్థిగా అడిగితే దయ కిందికి వస్తుంది, పనివాడిగా అడిగితే హక్కు కిందికి వస్తుంది. అసలు ముడి ఇక్కడే ఉంది. చదువు పని కిందికి వస్తుందా, రాదా?

ఇంగ్లండ్‌ను చూస్తే ఈ ముడి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు అక్కడ ప్రభుత్వం వారానికి 30 గంటల ఉచిత శిశు సంరక్షణ ఇస్తోంది. 2025 సెప్టెంబరు నుంచి తొమ్మిది నెలల బిడ్డకూ అది వర్తిస్తుంది. ఉద్యోగం చేయకుండా ఫుల్‌టైమ్ చదువుకునే తల్లికి మాత్రం ఆ 30 గంటలు రావు, ఆమె పనిచేస్తున్నట్టు లెక్క కాదు మరి. ఆమెకు వేరే పద్దుంది, చైల్డ్‌కేర్ గ్రాంట్. ఫుల్‌టైమ్ డిగ్రీ విద్యార్థులకు, ఆదాయాన్ని బట్టి, డే కేర్ ఖర్చులో 85 శాతం దాకా ఇస్తారు. 2024-25లో ఒక బిడ్డకు వారానికి గరిష్ఠంగా 193.62 పౌండ్లు, ఇద్దరు లేదా అంతకుమించి ఉంటే 331.95 పౌండ్లు. అమెరికా పద్ధతితో పోలిస్తే ఇది మెరుగు. కాలేజీకి గ్రాంటు వచ్చిందా లేదా అన్న అదృష్టంతో పనిలేదు, అర్హత ఉంటే అందుతుంది. అయితే పీజీలో చేరగానే ఆగిపోతుంది, విదేశీ విద్యార్థులకు మొదటి నుంచీ లేదు.

విదేశీ విద్యార్థుల మాట వచ్చింది కాబట్టి బ్రిటన్ నిర్ణయం ఇంకొకటి చెప్పుకోవాలి. ఇది సూటిగా తెలుగు ఇళ్లకు తగిలింది. 2024 జనవరి 1 నుంచి మొదలయ్యే కోర్సుల్లో చేరే విదేశీ విద్యార్థులు, పరిశోధన కోర్సులైతేనో, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వెళ్తేనో తప్ప, భార్యనో భర్తనో పిల్లల్నో డిపెండెంట్లుగా వెంట తీసుకెళ్లడానికి వీల్లేదు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఏడాది మాస్టర్స్‌కే. అంతకుముందు తల్లి చదువుకుంటే తండ్రి పనిచేస్తూ బిడ్డను చూసుకునేవాడు. ఇప్పుడు తల్లి ఒక్కతే విమానం ఎక్కాలి, బిడ్డ అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో ఉండాలి. క్రెష్‌కు సాయం అడిగే అవసరమే రాకుండా, బిడ్డనే రానివ్వని ఏర్పాటన్నమాట. ఖజానాకు ఇంతకంటే చవకైన శిశు సంరక్షణ విధానం ఉండదు.

అమెరికాలో ఎఫ్-1 మీద ఒకరు చదువుతుంటే, ఎఫ్-2 మీద వెళ్లిన జీవిత భాగస్వామికి ఉద్యోగం చేసే వీల్లేదు. ఇంట్లో ఉండి బిడ్డను చూసుకోవాల్సిందే. ఇద్దరూ చదివేవాళ్లయితే విజిటర్ వీసా మీద ఇటు అమ్మమ్మ, అటు నానమ్మ వంతులేసుకుంటారు. ఒకరు వెళ్లి ఆరు నెలలుండి వస్తే, ఇంకొకరు ఆవకాయ జాడీతో బయల్దేరతారు. ఊళ్లో పనిచేసిన స్కాలర్‌షిప్పే సముద్రం దాటి పనిచేస్తోంది.

జర్మనీని రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. అక్కడ విద్యార్థుల హాస్టళ్లు, క్యాంటీన్లు నడిపే సంస్థలే శిశు కేంద్రాలూ నడుపుతాయి. అన్నం పెట్టడం, గది ఇవ్వడం ఎలాగో బిడ్డను చూడటమూ అలాగే వాళ్ల పనిలో భాగం. ప్రభుత్వం ఇచ్చే విద్యా సహాయంలో చిన్నపిల్లలున్న విద్యార్థికి నెలకు బిడ్డకు 160 యూరోలు అదనంగా కలుస్తాయి.

ఇక మన దేశం. ఇక్కడ ఏమీ లేదనడం అన్యాయం. రాతలో చాలా ఉంది.

యూజీసీ 2016 నిబంధనల్లోనే పీహెచ్‌డీ చేసే మహిళలకు మొత్తం కోర్సులో ఒకసారి 240 రోజుల దాకా ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు ఇవ్వొచ్చని ఉంది. 2022 నిబంధనల్లోనూ అది కొనసాగింది. గడువులోనూ వాళ్లకు రెండేళ్ల సడలింపు ఉంది. డిగ్రీ, పీజీ విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరు సడలింపుపై నియమాలు చేసుకోమని 2021 డిసెంబరులో వర్సిటీలకు యూజీసీ లేఖ రాసింది. చేసుకోమంది, అంతే. చేసుకున్నవాళ్లలో కేరళ ముందుంది. కొట్టాయంలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2022 డిసెంబరులో, పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థినులకు 60 రోజుల ప్రసూతి సెలవు ప్రకటించింది. ఆ వెంటనే కేరళ ప్రభుత్వం దాన్ని ఇతర వర్సిటీలకూ విస్తరించింది.

చేసుకోని చోట కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. మీరట్‌లోని చౌధరీ చరణ్ సింగ్ యూనివర్సిటీలో ఎంఈడీ చదువుతున్న ఒక విద్యార్థిని ప్రసూతి సెలవు అడిగితే, నిబంధనల్లో లేదని తిప్పిపంపారు. 2023 మేలో ఢిల్లీ హైకోర్టు ఆ తిరస్కరణను కొట్టేసి, ఆమెకు 59 రోజుల సెలవు లెక్కలోకి తీసుకుని హాజరును మళ్లీ చూడమంది. చదువుకునే హక్కు, బిడ్డను కనే హక్కు రెండింట్లో ఒకటి ఎంచుకోమని ఏ పౌరురాలినీ నిలబెట్టకూడదన్నది ఆ తీర్పు సారం.

వీటన్నిటిలో ఉన్నది సెలవు. సెలవంటే తల్లిని కొన్నాళ్లు క్లాసు నుంచి ఇంటికి పంపడం. మళ్లీ క్లాసులో కూర్చోబెట్టడానికి కావాల్సింది వేరే, ఆమె క్లాసులో ఉన్న ఆ ఆరేడు గంటలు బిడ్డకు చోటు. 60 రోజులు పూర్తయ్యేసరికి బిడ్డకు మెడ కూడా నిలవదు. అరవై ఒకటో రోజు పొద్దున ఏం చేయాలన్నది ఏ సర్క్యులరూ చెప్పదు.

ఆ ఆలోచన మన పెద్దలకు రాలేదా అంటే, వచ్చింది. పదకొండో ప్రణాళిక కాలంలో, అంటే 2007-12 మధ్య, వర్సిటీల్లో, కాలేజీల్లో డే కేర్ సెంటర్లు పెట్టడానికి యూజీసీ దగ్గర ఒక పథకమే ఉండేది. మూడు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్ని, కొంత ఫీజు తీసుకుని, పగలంతా చూడాలి. ఎవరి పిల్లల్నంటే, ఉద్యోగులవి, విద్యార్థులవి, పరిశోధకులవి. మూడు వర్గాలనూ ఒకే వాక్యంలో రాశారు. చదువును పనితో సమానంగా నిలబెట్టిన వాక్యం ప్రభుత్వ కాగితాల్లో అరుదు. ఢిల్లీ జేఎన్‌యూలో క్రెష్ ఉంది, పెళ్లయిన పరిశోధక విద్యార్థులకు మహానది అనే హాస్టల్ ఉంది. అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం యాభై మంది, అంతకుమించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ ఏర్పాటు చేయాలంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావొచ్చు. యాభై మంది సిబ్బంది లేని యూనివర్సిటీ ఎక్కడుంటుంది? అయినా ఆ హక్కు ఉద్యోగినిది. అదే భవనంలో పాఠం చెప్పే మేడమ్‌కు క్రెష్ చట్టబద్ధం, ఎదుట బెంచీ మీద కూర్చుని ఆ పాఠం రాసుకునే అమ్మాయికి కాదు.

కేంద్రం నడిపే క్రెష్‌ల పథకంలో ఈ గీత కాస్త చెరిగింది. పాత జాతీయ క్రెష్ పథకం పనిచేసే తల్లుల కోసం. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు, ఒక కేంద్రంలో 25 మంది పిల్లలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు నెలకు ఫీజు 20 రూపాయలు. 2022లో ఇది మిషన్ శక్తి కింద ‘పాల్నా’గా మారి, అంగన్‌వాడీలతో జతపడింది. తల్లికి ఉద్యోగం ఉన్నా లేకపోయినా బిడ్డను చేర్చుకోవచ్చన్నది ఇందులో కొత్త మాట. ఆ ఒక్క మాటతో చదువుకునే తల్లికి దారి తెరుచుకుంది. అయితే పాల్నా కేంద్రం ఉండేది బస్తీలోనో గ్రామంలోనో, కాలేజీ ఉండేది ఊరి చివర. ఏదైనా జిల్లా కేంద్రంలో మహిళా డిగ్రీ కాలేజీ ఆవరణలోనే పాల్నా కేంద్రం ఒకటి పెట్టమని అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఖాళీ గది, ఒక అర్జీ, వెంటపడే ప్రిన్సిపాల్ ఒకరు ఉంటే చాలు.

తెలుగునాట ఈ సమస్యకు ఇన్నాళ్లూ దొరికిన జవాబు ఇంకొకటుంది, దూరవిద్య. 1982లో హైదరాబాద్‌లో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే తొలి ఓపెన్ యూనివర్సిటీ. ఇప్పటి డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ ఓపెన్ వర్సిటీ అదే. పిల్లల్ని నిద్రపుచ్చాక పుస్తకం తెరిచి డిగ్రీ పూర్తిచేసిన అమ్మలెందరికో అది కాలేజీ. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కాకపోతే నర్సింగ్, ఇంజినీరింగ్, సైన్సు ల్యాబులు రాత్రి పదింటికి వంటింట్లో నడవవు. బిడ్డ ఉన్న అమ్మాయి ఏ కోర్సు చదవాలో, ఇంట్లో కూర్చుని చదవగలిగేదేదో అన్న లెక్కే తేల్చేస్తుంది.

ఎంతమందికి ఇది అవసరమో ముందు తెలియాలి కదా అనొచ్చు. న్యాయమే. అమెరికాలో ఓరెగన్ రాష్ట్రం 2021లో చేసిన చట్టంతో కాలేజీలు విద్యార్థిని నేరుగా అడుగుతున్నాయి, మీకు పిల్లలున్నారా అని. కాలిఫోర్నియా 2022లో చట్టం చేసి, పిల్లలున్న విద్యార్థులు తమకు కుదిరిన వేళల్లో క్లాసులు ఎంచుకునేలా రిజిస్ట్రేషన్‌లో ముందు వరస ఇచ్చింది. ఇందులో ఖర్చు దాదాపు శూన్యం. మన దగ్గర ఉన్నత విద్యపై ఏటా జరిగే అఖిల భారత సర్వేలో విద్యార్థుల కులం, మతం, వైకల్యం లెక్కలుంటాయి. వాళ్లలో ఎంతమంది తల్లులో ఎవరూ లెక్కపెట్టరు.

డిగ్రీ అడ్మిషన్ ఫారం ఒకటి తీసి చూడండి. పేరు, పుట్టిన తేదీ, కులం, ఆదాయ ధ్రువీకరణ, ఆధార్, బ్యాంకు ఖాతా, తండ్రి పేరు, తల్లి పేరు. ఆ చివరి గడిలో అమ్మాయి తన తల్లి పేరు రాస్తుంది. ఒళ్లో బిడ్డను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో.